తడబడినా నిలబడే నేర్పు – గోల్ఫ్ చెప్పే పెట్టుబడి పాఠం

పాఠ్యభాగ ఉద్దేశం

ధనాన్ని సంపాదించడం కంటె నిలుపుకోవడం కష్టమని పెద్దలు చెబుతారు. ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థులు మరికొన్ని సంవత్సరాలలో ఉద్యోగాల్లోనో, వృత్తుల్లోనో స్థిరపడి తొలి జీతం అందుకొంటారు. అందులో మిగిల్చిన రూపాయిని ఎక్కడ ఉంచాలి, ఎలా పెంచాలి, కష్టకాలంలో ఎలా కాపాడుకోవాలి అనే ప్రశ్నలు అప్పుడు వారికి ఎదురవుతాయి. గోల్ఫ్ క్రీడలోని కొన్ని నియమాలను, ఆ క్రీడా చరిత్రలో నిలిచిపోయిన రెండు పోటీలను ఆధారంగా చేసుకొని ఆ ప్రశ్నలకు సమాధానాలను అన్వేషించడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

క్రీడలు శరీరానికి బలాన్ని, మనస్సుకు ఉల్లాసాన్ని ఇస్తాయి. గెలుపోటములను సమభావంతో స్వీకరించే వివేకాన్ని కూడా అలవరుస్తాయి. చాలా క్రీడల్లో ఎదుటివాడి బలాన్ని అణచడమే గెలుపునకు మార్గం. గోల్ఫ్ అట్లా కాదు. ఇందులో ఒకరు కొట్టిన బంతిని మరొకరు అడ్డుకోరు. ఆటగాడి ఎదుట ఉండేవి విశాలమైన పచ్చిక, ఇసుక గోతులు, వాగులు, గాలి; వీటన్నిటికి తోడు అతని మనస్సు. అందువల్ల గోల్ఫులో ఓడినవాడు తన ఓటమికి కారణాన్ని ముందుగా తనలోనే వెదుక్కోవలసి ఉంటుంది.

గోల్ఫ్ స్కాట్లండ్ దేశంలో వికసించిన ఆట. 1457లో ఆ దేశపు పార్లమెంటు ఈ ఆటను నిషేధిస్తూ ఒక శాసనం చేసింది. యువకులు విలువిద్యాభ్యాసాన్ని మాని గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆటలలో మునిగిపోతున్నారన్నదే పాలకుల ఆందోళన. ఆ నిషేధం నిలువలేదు; ఆట నిలిచింది. మన దేశంలో ఇది సంపన్నుల ఆటగా పేరుపడినప్పటికీ, స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ వంటి సుప్రసిద్ధ మైదానాలలో రుసుము చెల్లించి సామాన్యులు కూడా ఆడుకోవచ్చు.

గోల్ఫ్ మైదానంలో పద్ధెనిమిది గుంటలు ఉంటాయి. నిర్ణీత స్థలం నుండి బంతిని కర్రతో కొట్టి, వీలైనన్ని తక్కువ దెబ్బలలో గుంటలో వేయాలి. నిపుణుడైన ఆటగాడికి ఒక్కొక్క గుంటకు ఎన్ని దెబ్బలు చాలునో ముందే నిర్ణయిస్తారు. ఆ సంఖ్యను పార్ అంటారు. పెద్ద పోటీలలో సాధారణంగా నాలుగు దినాలు, దినానికి పద్ధెనిమిది గుంటల చొప్పున ఆడతారు. మొత్తం మీద తక్కువ దెబ్బలు కొట్టినవాడే విజేత.

ధనాన్ని పెట్టుబడి పెట్టే వ్యక్తి పరిస్థితి కూడా ఇంచుమించు ఇటువంటిదే. బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లు, కంపెనీల షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, బంగారం, స్థలం - ఇలా ఒక వ్యక్తి పెట్టిన పెట్టుబడులన్నిటిని కలిపి పోర్ట్‌ఫోలియో అంటారు. వాటి ధరలు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు పడిపోతాయో నిర్ణయించడం అతని చేతిలో లేదు. ఏది కొనాలి, ఎంత కొనాలి, ఎంతకాలం ఉంచాలి అన్నవి మాత్రమే అతని చేతిలో ఉన్నాయి. ఆ కొద్దిపాటి అధికారాన్ని ఎంత వివేకంతో వినియోగించుకొంటాడన్న దాని పైననే అతని భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

1. కార్నూస్టీలో ఆ సాయంకాలం

అది 1999 జూలై 18వ తేదీ. స్కాట్లండ్ తూర్పు సముద్రతీరంలోని కార్నూస్టీ మైదానంలో బ్రిటిష్ ఓపెన్ పోటీ చివరి ఘట్టానికి చేరుకొంది. ఫ్రాన్సు దేశానికి చెందిన జాన్ వాన్ డి వెల్డ్ డెబ్బై ఒక్క గుంటలు ముగించి, తక్కిన వారందరి కంటె మూడు దెబ్బల ఆధిక్యంతో చిట్టచివరి గుంట వద్ద నిలిచాడు. 1907 తరువాత ఏ ఫ్రెంచి ఆటగాడూ ఆ పోటీలో గెలువలేదు. ఆ గుంటకు పార్ నాలుగు. అతడు ఆరు దెబ్బలలో ముగించినా విజేత అయ్యేవాడు.

ఆ గుంట దారిలో బ్యారీ బర్న్ అనే వాగు మెలికలు తిరుగుతూ ప్రవహిస్తుంది. చిన్న చిన్న దెబ్బలతో బంతిని క్షేమంగా ముందుకు తీసుకొనిపోయే అవకాశం అతనికి ఉంది. అయితే అతడు బంతిని చాలా దూరం పంపే డ్రైవర్ అనే కర్రను తీసుకొన్నాడు. బంతి కుడివైపునకు దారి తప్పింది. అదృష్టవశాత్తు నీటిలో పడలేదు. రెండవ దెబ్బతో నేరుగా గుంట సమీపానికి చేరుకోవాలని ప్రయత్నించాడు. ఆ బంతి ప్రేక్షకుల గ్యాలరీకి తగిలి, వాగు రాతిగోడ మీద పడి, వెనుకకు ఎగిరి దట్టమైన గడ్డిలో చిక్కుకొంది. మూడవ దెబ్బకు గడ్డిలో నుండి వాగును దాటించబోయాడు. బంతి వాగులో పడింది.

అతడు బూట్లు, మేజోళ్లు విప్పి నీటిలో దిగాడు. నీటిలో ఉన్న బంతినే కొట్టాలా అని కొంతసేపు ఆలోచించి, చివరకు ఆ ప్రయత్నాన్ని మానుకొన్నాడు. ఒక దెబ్బను అపరాధంగా చేర్చుకొని బంతిని వాగు వెలుపల నుండి కొట్టాడు. అది ఇసుక గోతిలో పడింది. ఆరవ దెబ్బతో దానిని వెలికి తీసి, ఏడవ దెబ్బతో గుంటలో వేశాడు. దానితో అతడు పాల్ లారీ, జస్టిన్ లెనార్డ్ అనే ఇద్దరితో సమానమయ్యాడు. ముగ్గురి మధ్య జరిగిన అదనపు ఆటలో స్కాట్లండ్ వాసి లారీ గెలిచాడు. చివరి దినం ఆట మొదలైనప్పుడు లారీ పది దెబ్బలు వెనుకబడి ఉన్నాడు.

ఈ కథను విన్నవారు వాన్ డి వెల్డును అవివేకి అని తేలికగా అనవచ్చు. అది న్యాయం కాదు. డెబ్బై ఒక్క గుంటలలో అందరి కంటె మేలుగా ఆడినవాడు అతడే. గ్యాలరీకి తగిలిన బంతి మరో దిక్కుకు ఎగిరి ఉంటే అతడే విజేత అయ్యేవాడు. అప్పుడు లోకం అతని సాహసాన్ని వేనోళ్ల పొగిడేది. ఫలితాన్ని బట్టి నిర్ణయం మంచిచెడులను తేల్చడం పొరపాటు. అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆరు దెబ్బలు చాలునన్న చోట, కొంచెం తప్పినా సర్వం పోయే దెబ్బను కొట్టవలసిన అవసరం ఏమిటి? ఈ ప్రశ్నే పెట్టుబడి శాస్త్రానికి తొలిమెట్టు.

2. ఒక్క పొరపాటు బరువు

గోల్ఫులో గొప్ప దెబ్బలు కొట్టినవాడే గెలుస్తాడని చూసేవారు భావిస్తారు. ఆడేవారికి తెలిసిన సత్యం వేరు. ఎంతటి నిపుణుడైనా ప్రతి దినమూ కొన్ని దెబ్బలను తప్పుతాడు. తప్పిన దెబ్బ వల్ల ఒక్క దెబ్బే నష్టపోయేవాడు నిలుస్తాడు. మూడు, నాలుగు నష్టపోయేవాడు పడిపోతాడు.

పెట్టుబడిలో ఈ సూత్రం మరింత కఠినంగా పనిచేస్తుంది. గోల్ఫులో పోయిన దెబ్బలు కూడిక లెక్కలో చేరుతాయి. ధనంలో లాభనష్టాలు గుణకారపు లెక్కలో సాగుతాయి. ఒక వ్యక్తి లక్ష రూపాయలు పెట్టాడనుకొందాం. మొదటి సంవత్సరం 50 శాతం లాభం వచ్చి, రెండవ సంవత్సరం 50 శాతం నష్టం వచ్చింది. లాభనష్టాలు సరిసమానమై లక్ష మిగిలిందని పైపైన తోస్తుంది. నిజానికి లక్ష లక్షన్నర అయి, అందులో సగం పోగా మిగిలినది 75,000 రూపాయలు మాత్రమే. అదే సొమ్ము సంవత్సరానికి 6 శాతం చొప్పున నిదానంగా పెరిగి ఉంటే 1,12,360 రూపాయలయ్యేది.

నష్టం పెరిగిన కొద్దీ తేరుకోవడం ఎంత దుర్భరమో కూడా గమనించాలి. 10 శాతం నష్టపోయినవాడు తిరిగి మొదటి స్థితికి రావాలంటే సుమారు 11 శాతం లాభం చాలు. 50 శాతం నష్టపోయినవానికి 100 శాతం కావాలి. 80 శాతం నష్టపోయినవానికి 400 శాతం కావాలి. కాబట్టి పెద్ద లాభాన్ని అందుకోవడం కంటె పెద్ద నష్టాన్ని తప్పించుకోవడమే దృఢమైన పోర్ట్‌ఫోలియోకు ప్రథమ లక్షణం. దురాశ దుఃఖానికి చేటు అన్న సామెతలోని సత్యాన్ని ఈ లెక్కలు అంకెలలో చూపుతున్నాయి.

3. సంచిలోని పద్నాలుగు కర్రలు

గోల్ఫ్ ఆటగాని సంచిలో ఒకే రకమైన కర్ర ఉండదు. దూరానికి డ్రైవర్, మధ్య దూరాలకు ఐరన్లు, ఇసుకలో నుండి బంతిని లేపడానికి వెడ్జ్, గుంట దగ్గర మెల్లగా దొర్లించడానికి పట్టర్ ఉంటాయి. ఒకప్పుడు కొందరు ఇరవైకి పైగా కర్రలను మోయించేవారు. అమెరికాలో 1938 నుండి, బ్రిటన్‌లో 1939 నుండి పద్నాలుగు కర్రలకు మించరాదనే నియమం వచ్చింది. ఈ నియమంలో రెండు నీతులు ఉన్నాయి. ఒకే కర్రతో మైదానమంతా ఆడలేమన్నది మొదటిది. కర్రల సంఖ్య పెరిగినంత మాత్రాన ఆట మెరుగుపడదన్నది రెండవది.

అమెరికాకు చెందిన హ్యారీ మార్కోవిట్జ్ అనే ఆర్థికవేత్త 1952లో ప్రచురించిన వ్యాసంలో మొదటి నీతికి గణితశాస్త్ర రూపం కల్పించాడు. ఒక పెట్టుబడిని విడిగా చూసి మంచిచెడులు నిర్ణయించకూడదని, తక్కిన పెట్టుబడులతో కలిసినప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందో చూడాలని ఆయన నిరూపించాడు. ఒకటి పడిపోయినప్పుడు మరొకటి కూడా దానితోపాటే పడిపోయేటట్లయితే, ఆ రెండింటినీ కొన్నందువల్ల రక్షణ ఏమీ లేదు. వేర్వేరు కారణాలకు లోబడి పెరిగి తరిగే పెట్టుబడులను కలిపినప్పుడే మొత్తం మీద ఒడుదొడుకులు తగ్గుతాయి. ఈ కృషికి ఆయన 1990లో మరి ఇద్దరితో కలిసి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిని అందుకొన్నాడు.

ఈ సూత్రాన్ని విస్మరించినవారి కథలు విషాదకరమైనవి. అమెరికాలోని ఎన్రాన్ కంపెనీ ఉద్యోగులలో చాలామంది తమ పదవీ విరమణ నిధిలో అధిక భాగాన్ని అదే కంపెనీ షేర్లలో ఉంచారు. 2000 ఆగస్టులో సుమారు 90 డాలర్లు పలికిన ఆ షేరు 2001 డిసెంబరు 2న కంపెనీ దివాలా ప్రకటించే నాటికి ఒక డాలరు విలువైనా చేయలేదు. ఉద్యోగమూ, వృద్ధాప్యానికి దాచిన సొమ్మూ ఒకేసారి పోయాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్స్ లెక్కలలోని మోసాన్ని ఆ సంస్థ అధ్యక్షుడే 2009 జనవరి 7న వెల్లడించినప్పుడు, ఆ ఒక్క దినంలోనే దాని షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా హరించుకుపోయింది. తెలిసిన సంస్థ, మన ఊరి సంస్థ అన్న మమకారం పెట్టుబడికి రక్షణ కాజాలదని ఆనాడు తెలుగువారికి ప్రత్యక్షంగా తెలిసివచ్చింది.

ఒక్క కంపెనీయే కాదు, ఒక దేశపు షేర్ల మార్కెట్టు కూడా దీర్ఘకాలం కుంగిపోవచ్చు. జపాను షేర్ల సూచిక అయిన నిక్కీ 1989 డిసెంబరు 29న 38,915కు చేరి, ఆ తరువాత పడిపోయింది. తిరిగి ఆ స్థాయిని దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పది ఏళ్ల వయస్సులో సర్వస్వాన్నీ ఆ శిఖరం వద్ద ఉంచినవాడు, సూచిక మళ్లీ ఆ అంకెకు చేరేసరికి అరవై నాలుగేళ్లవాడై ఉంటాడు.

వేర్వేరు పెట్టుబడుల మధ్య తూకాన్ని కూడా అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. కలిమిలేములు కావడి కుండలు అన్నారు. కావడిలో ఒక కుండ బరువెక్కితే మోసేవాడు తూలిపోతాడు. లక్ష రూపాయలలో 60,000 షేర్లలో, 40,000 బాండ్లలో పెట్టిన వ్యక్తికి షేర్లు రెట్టింపై 1,20,000 అయ్యాయనుకొందాం. బాండ్ల విలువ మారలేదు. ఇప్పుడు అతని సొమ్ములో షేర్ల వాటా 75 శాతం. అతడు తెలియకుండానే తాను మొదట అంగీకరించిన దానికంటె ఎక్కువ ప్రమాదాన్ని మోస్తున్నాడు. 24,000 రూపాయల షేర్లను అమ్మి బాండ్లలో ఉంచితే పాత తూకం తిరిగి వస్తుంది. లాభాల నడుమ ఈ పని చేయడానికి మనస్సు ఒప్పుకోదు. అందుకే దీనికి ముందుగానే ఒక నియమం ఏర్పరచుకోవాలి.

4. గాలి ఎవరి అధీనంలోనూ లేదు

స్కాట్లండులోని పురాతన గోల్ఫ్ మైదానాలలో చాలా భాగం సముద్రతీరపు ఇసుక నేలల మీద ఉన్నాయి. చెట్ల చాటు ఉండదు. ఉదయం వెన్ను తట్టిన గాలి మధ్యాహ్నానికి ఎదురుతిరుగుతుంది. అనుభవజ్ఞుడు గాలిని తిట్టుకోడు. ఎదురుగాలి వీస్తుందన్న ఎరుకతోనే ఆటను నిర్మించుకొంటాడు.

మార్కెట్టు గాలి కూడా ఇటువంటిదే. 2008 జనవరిలో 21,000 దాటిన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి సూచిక సెన్సెక్స్, అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం వల్ల 2009 మార్చి 9 నాటికి 8,160కి దిగజారింది. 2010 నవంబరులో తిరిగి 21,000ను తాకింది. కరోనా వ్యాధి భయంతో 2020 మార్చి 23న ఒక్క దినంలోనే 3,934 పాయింట్లు పడిపోయి 25,981 వద్ద ముగిసింది. 2021 జనవరిలో 50,000ను తాకింది. ఈ రెండు పతనాలలోనూ ఓపిక పట్టినవారు తేరుకొన్నారు. అయితే ఓపిక అనేది కేవలం గుణం కాదు, దానికి ఆధారం కావాలి. ఇంట్లో జబ్బు చేసినవారు ఉండి, చేతిలో ధనం లేనివానికి ఓపిక పట్టమని చెప్పే హితోపదేశం వ్యర్థం. అతడు పడిపోయిన ధరకే అమ్ముకోక తప్పదు.

అందువల్ల షేర్లు కొనడానికి ముందే కొన్ని నెలల కుటుంబ ఖర్చులకు సరిపడే ఆపద్ధనాన్ని బ్యాంకులో విడిగా ఉంచుకోవాలి. ఆరు నెలల ఖర్చు అయితే మేలు. ఆరోగ్య బీమా, కుటుంబ పోషకునికి జీవిత బీమా అత్యవసరం. రెండు మూడేళ్లలో అవసరమయ్యే చదువు ఖర్చును, పెళ్లి ఖర్చును షేర్లలో ఉంచరాదు. అప్పు తెచ్చి షేర్లు కొనడం అన్నిటికంటె ప్రమాదకరం. ధర పడినప్పుడు అప్పు ఇచ్చినవాడు ఓపిక పట్టడు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్న చందమవుతుంది.

గోల్ఫులో మరొక గొప్ప నియమం ఉంది. బంతి ఎక్కడ పడితే అక్కడి నుండే ఆడాలన్నది సాధారణ ధర్మం. కాని ఆడడానికి వీలులేని చోట పడిందని ఆటగాడు భావిస్తే, ఒక దెబ్బను అపరాధంగా చేర్చుకొని బంతిని మేలైన చోటికి మార్చుకోవచ్చు. చిన్న నష్టాన్ని అంగీకరించి పెద్ద నష్టాన్ని తప్పించుకొనే ఉపాయమిది. షేర్ల విషయంలో చాలామంది దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తారు. కంపెనీ వ్యాపారమే దెబ్బతిన్నదని తెలిసినా, కొన్న ధర వచ్చేదాకా అమ్మకూడదని పట్టుబడతారు. పైగా మరికొంత సొమ్ము అందులోనే పోస్తారు. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత పోగొట్టుకొన్న వస్తువుకు వర్తిస్తుంది కాని, పోగొట్టుకొన్న పెట్టుబడికి వర్తించదు. మొత్తం మార్కెట్టు పడినప్పుడు ఓపిక పట్టడం వేరు. పుచ్చిపోయిన ఒక్క కంపెనీని పట్టుకొని వేలాడడం వేరు. ఈ రెండింటి భేదాన్ని గుర్తించడమే వివేకం.

5. అదే మైదానం - మరో ఆటగాడు

వాన్ డి వెల్డ్ తడబడిన కార్నూస్టీ మైదానంలోనే, అంతకు నలభై ఆరేళ్ల ముందు, 1953లో అమెరికాకు చెందిన బెన్ హోగన్ బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ విజయం విలువ తెలియాలంటే నాలుగేళ్లు వెనుకకు వెళ్లాలి. 1949 ఫిబ్రవరి 2న టెక్సాస్ రాష్ట్రంలో ఒక బస్సు అతని కారును ఢీకొన్నది. భార్యను కాపాడడానికి అతడు ఆమె మీదకు అడ్డంగా వాలాడు. ఇద్దరూ బ్రతికారు గాని, హోగన్ కటి ఎముక, కాలర్ బోన్, చీలమండ విరిగాయి. అతడు మళ్లీ నడవగలడా అని వైద్యులు సందేహించారు. 1950 జూన్ నాటికి అతడు అమెరికా ఓపెన్ గెలిచాడు.

దెబ్బతిన్న కాళ్లతో మునుపటిలా అన్ని పోటీలలో పాల్గొనడం అతనికి సాధ్యం కాలేదు. తన పరిమితిని అతడు అంగీకరించాడు. కొద్దిపాటి పోటీలనే ఎన్నుకొని, వాటికి పూర్తిగా సిద్ధపడేవాడు. కార్నూస్టీకి పోటీ కంటె ముందుగానే చేరుకొని, బ్రిటన్‌లో వాడే చిన్న బంతికి, అక్కడి గట్టి నేలకు అలవాటుపడ్డాడు. నాలుగు ఆటలలో అతని దెబ్బలు వరుసగా 73, 71, 70, 68. ప్రతి ఆటా ముందటి దానికంటె మెరుగు. నాలుగు దెబ్బల తేడాతో అతడు విజయం సాధించాడు.

హోగన్ చరిత్రలో పెట్టుబడిదారునికి కావలసిన గుణాలన్నీ ఉన్నాయి: తన శక్తిని తాను ఎరగడం, ఆడబోయే నేలను ముందుగా పరిశీలించడం, తొందరపడకపోవడం. ఇరవై ఏళ్ల యువకునికి, అరవై ఏళ్ల వృద్ధునికి ఒకే పోర్ట్‌ఫోలియో తగదు. యువకునికి పతనం నుండి తేరుకొనే కాలం ఉంది. వృద్ధునికి నెలనెలా ఖర్చు ఉంది. పొరుగువాడు ఏది కొన్నాడన్నది ఇద్దరికీ అప్రస్తుతమే.

6. కంటికి కనిపించని దెబ్బలు

గోల్ఫులో గుంటకు అడుగు దూరంలో మెల్లగా తాకిన దెబ్బ కూడా లెక్కకు ఒకటే, రెండు వందల గజాల దూరం కొట్టిన దెబ్బ కూడా ఒకటే. కాబట్టి చిన్న దెబ్బలను నిర్లక్ష్యం చేసినవాడు నష్టపోతాడు. పెట్టుబడిలో ఇటువంటి చిన్న దెబ్బలు రుసుములు, కమీషన్లు, మాటిమాటికీ కొని అమ్మడం వల్ల అయ్యే ఖర్చులు.

లక్ష రూపాయలు సంవత్సరానికి 10 శాతం చొప్పున చక్రవడ్డీ రీతిలో పెరిగితే 30 ఏళ్లకు సుమారు 17 లక్షల 45 వేలవుతుంది. రుసుముల రూపంలో ఏటా ఒక్క శాతం తగ్గి 9 శాతమే మిగిలితే సుమారు 13 లక్షల 27 వేలవుతుంది. ఒక్క శాతమే కదా అని ఉపేక్షించినందుకు చెల్లించిన మూల్యం నాలుగు లక్షలకు పైమాట. తక్కువ ఖర్చుతో మార్కెట్టు సూచికలోని కంపెనీలన్నిటిలో పెట్టుబడి పెట్టే ఇండెక్స్ ఫండ్లు ఆదరణ పొందడానికి ఇదొక ముఖ్య కారణం.

7. పోలికకు గల హద్దు

ఏ ఉపమానమూ సర్వాంశాలలో సరిపోదు. గోల్ఫ్ ఆటగాడికి చివరి గుంట ఎక్కడ ఉందో తెలుసు. తనకు ఎన్ని దెబ్బల ఆధిక్యం ఉందో తెలుసు. పెట్టుబడిదారునికి ఆ రెండూ తెలియవు. ఆటలో ఓడినవాడు మరుసటి సంవత్సరం మళ్లీ మొదటి గుంట వద్ద అందరితో సమానంగా నిలుస్తాడు. జీవితకాలపు పొదుపును పోగొట్టుకొన్నవానికి ఆ అవకాశం ఉండదు. అందుకే ఆటలో శోభించే సాహసం, కుటుంబపు పొదుపు విషయంలో శోభించదు.

అయినప్పటికీ కార్నూస్టీ దృశ్యంలో చివరి ఘట్టాన్ని మరచిపోరాదు. వాగులో దిగిన వాన్ డి వెల్డ్ నీటిలోని బంతిని కొట్టే ప్రయత్నాన్ని చివరకు మానుకొన్నాడు. ఆ ఒక్క సంయమనం వల్లనే అతనికి అదనపు ఆటలో పాల్గొనే అవకాశం దక్కింది. విజయం చేజారిన తరువాత, వేలాదిమంది చూస్తుండగా, ఏడవ దెబ్బను తడబాటు లేకుండా గుంటలో వేశాడు. పొరపాటు చేయని మనిషి లేడు. పొరపాటు జరిగిన తరువాత మరొక పొరపాటు చేయకుండా ఆగగలగడం, ఆగడానికి అవసరమైన ఏర్పాట్లను ముందే చేసుకోవడం - ఇవే ఆటలోనూ, ధనార్జనలోనూ మనిషిని నిలబెడతాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. తొలి జీతం అందుకొన్న నాడే ఈ పాఠం గుర్తుకు వస్తే, ఎదురుగాలి వీచిన నాడు భయపడవలసిన పని ఉండదు.

కఠిన పదాలకు అర్థాలు

ఆధిక్యం = ఎక్కువగా ఉండడం, పైచేయి
అపరాధం = తప్పుకు విధించే దండన (ఈ పాఠంలో అదనపు దెబ్బ)
ఒడుదొడుకులు = హెచ్చుతగ్గులు
ఆపద్ధనం = ఆపద సమయానికి దాచుకొన్న ధనం
సంయమనం = అదుపు, నిగ్రహం
దుర్భరం = భరింపరానిది
కటి = నడుము
ఎరుక = తెలివిడి, జ్ఞానం

వ్యాకరణాంశాలు

హితోపదేశం = హిత + ఉపదేశం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
గెలుపోటములు = గెలుపు, ఓటమి – ద్వంద్వ సమాసం
సముద్రతీరం = సముద్రము యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు దినాలు = నాలుగు సంఖ్య గల దినాలు – ద్విగు సమాసం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కార్నూస్టీ మైదానంలో 1953, 1999 సంవత్సరాలలో జరిగిన పోటీలను వివరించి, వాటి నుండి పెట్టుబడిదారుడు గ్రహించవలసిన నీతిని తెలపండి.
2. ‘పెద్ద లాభాన్ని అందుకోవడం కంటె పెద్ద నష్టాన్ని తప్పించుకోవడమే ముఖ్యం’ – పాఠ్యభాగం ఆధారంగా సోదాహరణంగా నిరూపించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పద్నాలుగు కర్రల నియమంలో ఇమిడి ఉన్న రెండు నీతులు ఏవి?
2. మార్కెట్టు పడినప్పుడు ఓపిక పట్టడానికి కావలసిన ఏర్పాట్లను తెలపండి.
3. గోల్ఫుకు, పెట్టుబడికి గల పోలికలో హద్దులు ఏవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పార్ అనగా ఏమి?
2. మార్కోవిట్జ్ ఏ సంవత్సరంలో నోబెల్ బహుమతిని అందుకొన్నాడు?
3. నిక్కీ సూచిక 1989 నాటి స్థాయిని తిరిగి ఎప్పుడు దాటింది?
4. 1999 బ్రిటిష్ ఓపెన్ విజేత ఎవరు?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. ‘ఆ నిషేధం నిలువలేదు, ఆట నిలిచింది.’
2. ‘ఓపిక అనేది కేవలం గుణం కాదు, దానికి ఆధారం కావాలి.’